మొగలిదిబ్బ నీళ్లు

చీటీ విప్పగానే సాయిలక్ష్మి ముఖం మాడిపోయింది. ‘వెయ్యేళ్ల తర్వాత వేరే గ్రహాల మీద బతికే మనుషులు భూమిని తలుచుకుంటారా?’ అన్నది స్కూలు చర్చా పోటీలో అంశం. తలుచుకుంటారని ఆమె మాట్లాడాలి. తలుచుకోరని ఆమె క్లాసులోని షఫీక్ మాట్లాడతాడు.

చీటీ మార్చమని క్రీస్తుదాసు సారును బతిమాలింది. తను నమ్మని మాటను పదిమంది ముందు ఎలా చెప్పేదని అడిగింది. మార్చడం కుదరదని, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడమని ఆయన అన్నాడు.

వాకాడు దగ్గరున్న వాళ్ల ఇంట్లో పెద్దంటే నాయనమ్మ పెంచలమ్మే. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మనవరాలి కష్టమంతా విని, మొగలిదిబ్బ గురించి చెప్పడం మొదలుపెట్టింది. రాకెట్లు ఎగరేసే చోటు కోసం యాభై ఏళ్ల కిందట ఖాళీ చేసిన ఊరు అది. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ‘మనూరు’ అనేది దాన్నే. చుట్టూ ఉప్పునీళ్లున్నా అక్కడ ఇసకలో మూరెడు తవ్వితే చాలు, తియ్యటి నీళ్లు ఊరేవి. ఎండాకాలం వస్తే జీడిమామిడి పండ్ల వాసన గుడిసెల్లోకి వచ్చేది. వాన కురిసిన మర్నాడు మొగలిపూల వాసన దాన్ని మింగేసేది. చెబుతూ చెబుతూ పెంచలమ్మ గింజలు తీయడం మరిచిపోయింది.

“రాకెట్టు లేచినప్పుడల్లా బయటికొచ్చి దండం పెడతావు గదా. నీకు కోపం రాదా అవ్వా?” అని అడిగింది సాయిలక్ష్మి.

“దండం రాకెట్టుకు కాదు మే, ఆ నేలకి. మనోళ్లందర్నీ సాకింది. ఇప్పుడు అంత మంటను మోస్తా ఉంది. దాని మీద ఎవురికైనా కోపమొస్తుందా?”

మర్నాడు స్కూల్లో సాయిలక్ష్మి ఆ ఇసక గురించీ, ఆ నీళ్ల గురించీ చెప్పింది. వెనక బెంచీల వాళ్లు కూడా అల్లరి మానేసి విన్నారు. తర్వాత షఫీక్ లేచాడు. వదిలిపెట్టి వెళ్లినవాళ్లు తలుచుకుంటారు, సరే. భూమిని కంటితో చూడనివాళ్లు ఎందుకు తలుచుకుంటారని అడిగాడు. మొదటి బహుమతి అతనికే వెళ్లింది. ఆమెకు రెండోది, ఒక స్టీలు టిఫిన్ డబ్బా.

ఇంటికొచ్చి ఆ డబ్బాను నాయనమ్మ చేతుల్లో పెట్టింది. అది నీదేనంది. వచ్చే నెల స్కూలు సార్లు పిల్లల్ని రాకెట్ కేంద్రం చూపించడానికి తీసుకెళ్తున్నారు, ఇంటికొకరు పెద్దవాళ్లు రావచ్చన్నారు.

“నువ్వు రా అవ్వా. మనూరు ఎక్కడుండేదో, ఆ నీళ్లు ఎక్కడ ఊరేవో నాకు చూపించు.”

పెంచలమ్మ ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడే ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచనలో పడింది. అంతలోనే కాస్త సిగ్గుపడి నవ్వింది.

“నువ్వే ఎవుర్నన్నా అడిగి నాకు చూపించాల తల్లీ. నేను మీ తాతను కట్టుకోని వచ్చేసరికే ఆ ఊరు ఖాళీ అయి మూడేళ్లయింది.”