తేలికపాటి మడమ

“గొట్టం ఊగుతోంది అమ్మమ్మా, గురి కుదరట్లేదు.” ఆమని ఎయిర్ రైఫిల్ దించేసింది. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా క్లబ్బులో ఎంపిక పోటీకి ఇంకో గంటే ఉంది.

అమ్మమ్మ బాలత్రిపురసుందరి వడ్రంగి ఇలియాస్ వైపు ఉరిమి చూసింది. చిన్నపిల్లకు అంత బరువైన తుపాకీయా అని కోచ్‌ను నలుగురిలో కడిగేసి, భుజానికి ఆనించే తేలికైన చెక్క మడమను స్వయంగా గీసి, ఇలియాస్‌చేత చేయించింది ఆవిడే.

“నన్నేం చూస్తారు టీచరమ్మా? బరువుంటేనే చేతిలో కదలకుండా ఉంటాదని అప్పుడే చెప్పినా గదా! మీరు కాయితం నిండా లెక్కలు చూపించి, ఖలాస్ అంటిరి.”

బరువైన వస్తువు సులభంగా కదలదని ముప్పై ఏళ్లు బోధించి, అది మరచినవారిని బెంచీ ఎక్కించిన భౌతికశాస్త్ర పండితురాలు ఆవిడ.

“మరి పాతది బరువని ఎందుకన్నావే?”

“నేనెప్పుడన్నాను? నువ్వే ఓసారి ఎత్తి, అబ్బో అన్నావు.”

డెబ్బై ఏళ్ల భుజంతో తూచి, పదిహేనేళ్ల పిల్లకు మడమ చేయించిన మేధావి లోకంలో తానొక్కతే కాబోలు.

“పాత మడమ ఎక్కడుంది?”

“కోచ్ సార్ బీరువాలో. ‘మీ అమ్మమ్మే వచ్చి అడగాలి’ అన్నారు.”

“పోండి టీచరమ్మా, బిగించేది పది నిమిషాల పని,” అన్నాడు ఇలియాస్.

ఆవిడ కొంగు సవరించుకుని కదిలింది. పిల్లలచేత వందల క్షమాపణ పత్రాలు రాయించిన మనిషికి, కోచ్ గది తలుపు దాకా వచ్చినా మొదటి వాక్యమే తోచలేదు.