డెబ్బై రెండేండ్ల మొగులమ్మ

"ఇంకో రెండు చెంచాలు ఎయ్యక్కా," అంది నిరోషా, చాయ్ గ్లాసు ముందుకు జరిపి.

మొగులమ్మ చక్కెర డబ్బాకు మూత పెట్టేసింది. "మీ ఆయన చెప్పిండు. షుగర్ మూడు వందలున్నదట గద?"

"ఆయన నోట్ల మాట దాగదు."

"డాక్టరేమన్నడు మరి?"

"మూడు నెలలు చూస్తడట. దిగకపోతె రోజూ సూదులేనట." నిరోషా మూత పెట్టిన డబ్బా వైపు చూసింది. "నలభై ఆరేండ్లొచ్చినయ్. ఇంకేం మారుత? మొన్న పెండ్లిల ఒకామె మా ఆయనను చూపెట్టి 'మీ తమ్ముడా' అని అడిగింది."

మొగులమ్మ నవ్వలేదు. ఆమె బషీరాబాద్ నుంచి తాండూరుకు వచ్చి, నిరోషా పక్క పోర్షన్‌లో అద్దెకు దిగి మూడు వారాలే అయింది. కొడుకు నవీన్‌కుమార్ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. మొగులమ్మది నిటారు నడుము, నల్లటి జడ. బియ్యం బస్తా ఒక్కతే ఎత్తి లోపల పెట్టుకుంటుంది.

"మా చెల్లె బుగ్గమ్మకు గూడ షుగరే ఉండె," అంది మెల్లగా. "తిండి మార్చుకోవే అని మస్తు చెప్పిన. 'నువ్వు నాకన్న ఎంత పెద్దదానివని చెప్తున్నవ్' అన్నది. పోయి ఆరేండ్లాయె."

నిరోషా ఆ చాయ్‌నే ఓ గుక్క తాగింది.

"నాకెన్నేండ్లుంటయో చెప్పు," అంది మొగులమ్మ ఉన్నట్టుండి.

"ఏమో అక్కా, ఎన్నుంటయ్..."

"డెబ్బై రెండు."

నిరోషా గ్లాసు కింద పెట్టేసింది. మొగులమ్మను నెత్తి నుంచి కాళ్ల దాకా చూసింది.

"మరి నవీన్?"

"లేక లేక పుట్టిండు."

సాయంత్రానికి గల్లీ అంతా ఇదే ముచ్చట. నలభై అయిదేండ్లకు కొడుకును కన్నదట! తెల్లారి నిరోషా నోట్‌బుక్కు పట్టుకొని వచ్చింది. అక్క అనే పిలుపు రాత్రికి రాత్రే పోయింది.

"ఏం తింటవో జర చెప్పు పెద్దమ్మా, రాసుకుంట."

"రాసుడెందుకు, వండు. పొద్దుగాల జొన్నరొట్టె, పుంటికూర పప్పు. మాపటికి గూడ రొట్టెనే, ఎనిమిది గొట్టక ముందే. అవిసగింజల కారం నంచుకో. చాయ్‌ల చక్కెర బంద్. నాతోని స్టేషన్ దాకా నడువు."

వారం తిరగకముందే నిరోషా భర్త రాజేందర్ కంచం ముందు కూర్చొని నిట్టూర్చాడు. "షుగర్ నీకా నాకా? అన్నం మొకం చూసి ఎన్నాళ్లాయె!"

"ఆమెకు డెబ్బై రెండు. నీకు నలభై తొమ్మిది. ఇద్దరిని పక్కపక్కన నిలబెడితె ఎవరు పెద్దగ కనబడుతరో చెప్పాల్నా?"

రాజేందర్ రొట్టె తుంచాడు.

నెల గడిచాక ఒకరోజు నిరోషా బస్టాండ్ దగ్గర జిలేబీ పొట్లంతో దొరికిపోయింది. మొగులమ్మ తిట్టలేదు. పొట్లం తీసుకొని దారిన పోయే పిల్లలకు పంచి, "నడువు," అంది.

"ఇయ్యాల కాళ్లు గుంజుతున్నయ్ పెద్దమ్మా."

"డెబ్బై రెండేండ్లదాన్ని, నేను నడుస్తలేనా? నీకేమొచ్చింది?"

ఆ మాట ఇంటింటికీ పాకింది. పొద్దున నడకకు గల్లీలో ఇంకో ఐదుగురు తయారయ్యారు. వాళ్ల ఇళ్లల్లోనూ జొన్నపిండి జల్లెడలు బయటికొచ్చాయి.

మూడు నెలలు నిండిన రోజు వికారాబాద్‌లో డాక్టర్ రిపోర్టు రెండుసార్లు చూశాడు. "నూట ముప్పై ఎనిమిది. సూదులు అక్కర్లేదమ్మా. ఏం చేసినవ్?"

నిరోషా కళ్లు తుడుచుకుంది. ముఖం తేటపడి, చెంపలు సన్నబడి, పాత జాకెట్లు మళ్లీ పడుతున్నాయి.

"ఇంక నన్ను నీ నాయిన అంటరేమో," అన్నాడు రాజేందర్, తిరుగు బస్సులో కిటికీ సీటు ఆమెకు వదిలి.

ఆ మేలు ఊరికే ఉంచుకోవడం నిరోషాకు ఇష్టం లేకపోయింది. వికారాబాద్‌లో మహిళా సంఘాల సభ ఉంది. డెబ్బై దాటి ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు అక్కడ సన్మానం. మొగులమ్మ పేరు రాయించి వచ్చి చెప్పింది.

మొగులమ్మ ముఖం పాలిపోయింది. "నాకొద్దు బిడ్డా. గట్ల స్టేజీలెక్కుడు నాతోని కాదు."

"శాలువా కప్పుతరు పెద్దమ్మా, అంతే."

"నీ షుగర్ దిగింది, నాకదే శాలువా. పేరు కొట్టెయ్యమను."

ఎంత చేసి ఎంత అణకువ, అనుకుంది నిరోషా. మర్నాడు మొగులమ్మ కూరగాయలకు పోయిన సమయం చూసి నవీన్‌కుమార్‌ను పట్టుకుంది. "తమ్ముడూ, అమ్మ ఆధార్ జిరాక్స్ కావాలె. అమ్మకు మాత్రం చెప్పకు."

అతను ఎందుకని కూడా అడగకుండా లోపలికి వెళ్లి తెచ్చిచ్చాడు. ఫారంలో రాయడానికి నిరోషా గడప మీదే కూర్చొని పుట్టిన తేదీ చూసింది. మళ్లీ చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

మొగులమ్మకు యాభై ఒకటి.