కరెంటు పియానో పరీక్ష

“నూరు రకాల చప్పుళ్లున్నయట అంబదాస్! వాయొలిన్ అంటే వాయొలిన్, ఫ్లూట్ అంటే ఫ్లూట్,” అన్నాడు కరుణాకర్‌రావు, అట్టపెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తూ.

“అమ్మెటోడు రాసిన పుస్తకం గది, రావుసాబ్. అండ్ల అన్నీ మంచియే ఉంటయి,” అన్నాడు అంబదాస్.

ఆదిలాబాద్‌లో ఆ భజన మండలికి కరుణాకర్‌రావు పెద్ద. అంబదాస్ హార్మోనియం వాయిస్తాడు. పగలంతా జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగి, సాయంత్రం గుడికొచ్చి కూర్చుంటాడు. ఈమధ్య ఆ కూర్చోవడం కూడా కష్టంగానే ఉంది. మోకాళ్లు మాట వినడం లేదు.

ఇవాళ అతని ముందున్నది హార్మోనియం కాదు. దుబాయి నుంచి దిగిన కరెంటు పియానో. ఎవరో మండలికి గుప్తదానం ఇచ్చారు. పేరు బయటపడితే దానఫలం పోతుందట. ఎవరెంత అడిగినా కరుణాకర్‌రావు నోరు విప్పలేదు.

“మంచిగ పరీక్ష చేసి చెప్పు. నువ్వు ఊ అంటే పెట్టుకుందాం, వద్దంటే వాపసిద్దాం. మాకేం తెలుస్తది?”

అంబదాస్ పక్కన ఖాళీగా ఉన్న చాప వైపు చూశాడు. డోలక్ నాగయ్య రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. అంబదాస్ నమ్మలేదు. ఈ పియానోలో ఒక బటన్ నొక్కితే తాళం దానంతటదే మోగుతుందట. ఇక డోలక్ ఎందుకు, నాగయ్య ఎందుకు? తనకేం, హార్మోనియం మెట్లు కాకపోతే ఈ మెట్లు. పాతికేళ్లుగా తన భుజానికి భుజం ఆనించి కూర్చున్న మనిషి జాగా పోతోంది. దాన్ని చూడలేకే రాలేదు పాపం అనుకున్నాడు. “నువ్వు మానేసిననాడు నేనూ హార్మోనియం మూసేస్త” అని నాగయ్యకు ఎప్పుడో మాటిచ్చాడు కూడా.

అయినా పరీక్షలో దొంగతనం చెయ్యదలచుకోలేదు. ఒక్కొక్క మెట్టూ మెల్లగా నొక్కాడు, గట్టిగా నొక్కాడు. వేలి బరువును బట్టి చప్పుడు మారుతోంది. అది మంచిదేనన్నాడు. మండలిలో పాడే జానకీబాయి గొంతుకు తగ్గట్టు శ్రుతి దించాలంటే ఒక్క బటన్ చాలు, అదీ మంచిదేనన్నాడు. వాయొలిన్ చప్పుడు మాత్రం జలుబు చేసినట్టుందన్నాడు. మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చేదాకా అందరూ విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు.

“గిదొకటి. కరెంటు పోతె దేవుడు కూడ ఆగాలె,” అన్నాడు అంబదాస్.

“అయితె ఏమంటవు? మంచిదా, చెడ్డదా?” కరుణాకర్‌రావు విసుక్కున్నాడు.

“ఒక్కన్ని వాయిస్తె ఏం తెలుస్తది? మన మనుషులతోని కలుస్తదో లేదో చూడాలె గద. జానకీబాయీ, ఆ విఠలుని అభంగం జర అందుకోండ్రి.”

ఆ అభంగంలో రెండో చరణం దగ్గర జానకీబాయికి ఊపిరి చాలదు. ఆవిడ ఆగుతుంది. నాగయ్య డోలక్ మీద చెయ్యి అలాగే ఉంచి ఎదురుచూస్తాడు. ఆవిడ అందుకున్నాక తనూ అందుకుంటాడు. ఈ సంగతి అంబదాస్‌కు బాగా తెలుసు. తెలిసే ఆ పాట అడిగాడు.

తాళం బటన్ నొక్కాడు. జానకీబాయి పాడింది. రెండో చరణం దగ్గర ఆగింది. తాళం ఆగలేదు. ఆవిడ గాభరాగా అందుకుంది, తప్పింది, మళ్లీ అందుకుంది, మళ్లీ తప్పింది.

“జర నిదానం పెట్టు,” అన్నాడు కరుణాకర్‌రావు.

నిదానం పెట్టాడు. తాళం నిదానంగానే ఆవిడను వదిలేసి పోయింది. జానకీబాయి కొంగుతో కళ్లొత్తుకుని, “ముసల్దాన్నయిన. నాతోని గాదు,” అంది.

అంబదాస్ ఆవిడ వైపు చూడలేకపోయాడు. అయినా బటన్ ఆపి, చెప్పదలచుకున్నది చెప్పేశాడు.

“చూసిండ్రా రావుసాబ్? చప్పుళ్లు నూరుండనీ, వెయ్యుండనీ. మనిషి కోసం ఆగుడు దీనికి రాదు. మన మండలికి పనికిరాదు.”

కరుణాకర్‌రావు చేతిలోని పుస్తకం మూశాడు. “ఇంకోపారి ఆలోచించు అంబదాస్. ఇచ్చినాయన మస్తు ఆశతోని ఇచ్చిండు,” అన్నాడు నీరసంగా.

“ఆయినె ఎన్నడన్న మన భజనల కూసున్నడా? కూసుంటె ఇట్లాంటిది ఇయ్యకపోతుండె. వాపసియ్యిండ్రి.”

 పియానోను మళ్లీ అట్టపెట్టెలో సర్దారు.

అంబదాస్ మోకాళ్లు పట్టుకుని లేచి, నేరుగా నాగయ్య ఇంటికి నడిచాడు. చీకటి పడబోతోంది. ఆరోజు పొద్దుటి నుంచి లేని ప్రాణం అతనికి అప్పుడే కాస్త లేచొచ్చింది.

నాగయ్య వాకిట్లో మంచం మీద ఉన్నాడు. భార్య లింగవ్వ, దుబాయి నుంచి అల్లుడు పంపిన మందు అతని వేళ్లకు రాస్తోంది. వేళ్లు కణుపుల దగ్గర వాచి ఉన్నాయి.

“నొప్పులు తక్కువైతయి తియ్యి,” అన్నాడు అంబదాస్ మంచం పట్టె మీద కూలబడి. “ఫికర్ చెయ్యకు నాగయ్యా. పియానో వాపసు పోతుంది. నేనే వద్దన్న. ఒక్కొక్క తప్పు తీసి చూపెట్టిన. నీ జాగ ఎటు పోలే!”

లింగవ్వ చెయ్యి ఆగిపోయింది.

“నిజంగనే వాపసు పోతుందా?” అడిగాడు నాగయ్య.

“నిజంగనే! రేపటిసంది ఎప్పటిలెక్కనే నువ్వూ నేనూ. నువ్వు లేంది నేను కూసుంటనా?”

నాగయ్య వాచిన వేళ్లను ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఈ వేళ్లతోని ఇగ డోలక్ కొట్టుడు నాతోని గాదు. గా పియానో తెప్పించింది నేనే, అన్నా.”