వాటాకొచ్చిన చుట్టం

"బీరన్నా, నీ బర్రెలను జర మా ఇంట్ల కట్టేసుకుంట. ఏమనుకోకు."

ధర్మయ్య అడిగిన తీరుకు బీరన్న నవ్వాడు. "ఏందన్నా, అఖిలకు సంబంధమొచ్చిందా?"

"సంబంధమే. కాకపోతే పిల్లకు కాదు, కంపెనీకి."

రామన్నపేటలో నేత కుటుంబాలు కొన్ని కలిసి పెట్టుకున్న చీరల కంపెనీకి ధర్మయ్య అధ్యక్షుడు. సగం మగ్గాలు మూలన పడ్డాయి. రంగుల షెడ్డు కొత్తది వేయకపోతే మిగతా సగం కూడా పడతాయి. బయటివాళ్ళను పెట్టుబడి అడుగుదామంటే, వాళ్ళకు పావు వాటా మించి ఇవ్వకూడదని పాత రూలు. పావు వాటాకు ఎవడొస్తాడని ధర్మయ్య వాదన. ఉగాది తర్వాత సభ పెట్టి, గొంతు పోయేదాకా కొట్లాడి, ఆ రూలు తీసేయించాడు. ఇక ఏ దేశం వాడైనా సరే, నూటికి నూరు వాటా కొనుక్కోవచ్చు.

ఒప్పుకోనిది ఒక్క మనిషే. ఆ మనిషి సొంత భార్య కావడం ఆయన కర్మ.

"తలుపులు బార్లా తెరిస్తే లక్ష్మి ఉరికొస్తదా? దసరా లోపట ఒక్కడన్న పైస పెడితే నేను చెంపలేసుకుంట. పెట్టకుంటే నువ్వు ఆసు పొయ్యాలె," అంది లక్ష్మీనర్సమ్మ, నిండు సభలో.

ఆసు పోయడమంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడం. పొద్దంతా చెయ్యి ఊపుతూనే ఉండాలి. సాయంత్రానికి భుజం మనది కాదు. పైగా ఊళ్ళో అది ఆడవాళ్ళ పని. అధ్యక్షుడు ఆసు ముందు కూర్చుంటే జనం టికెట్ కొనుక్కుని మరీ చూస్తారు.

నెలలు గడిచాయి. తెరిచిన తలుపులోంచి ఈగ కూడా రాలేదు. ధర్మయ్యకు నిద్రలో కూడా మేకులే కనబడసాగాయి. చివరికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు అఖిలకు ఫోన్ చేసి, కంపెనీ గురించి నెట్‌లో పెట్టమన్నాడు.

"పెట్టుబడి కావాలని రాయనా బాపూ?"

"పిచ్చిదానా! పిల్లను చేసుకోండని మనమే పోయి అడుగుతమా? చులకనైతం. మాకేం కొదువ లేదు, బయటి దేశపోళ్ళతోని పొత్తుకు తయార్ అని రాయి."

మంత్రం పారింది. ఎక్కడో చలిదేశం నుంచి యోహాన్ అనే ఆయన జవాబు రాశాడు. పొత్తు గురించి మాట్లాడాలి, ముందు మిమ్మల్ని చూడటానికి వస్తున్నానన్నాడు.

పైసలు పెట్టేవాడు ఏం చూస్తాడు? సంబంధం కలుపుకునేవాడు చూసేదే చూస్తాడు. ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా. అందుకే బీరన్న బర్రెలు ధర్మయ్య వాకిట్లోకి వచ్చాయి. పండ్ల వ్యాపారి అహ్మద్ అలీ కొత్త కారు గుమ్మం ముందు నిలబడింది. యాదమ్మ వదిన చంద్రహారం, మొగుణ్ణి తిట్టే తిట్లతో సహా, లక్ష్మీనర్సమ్మ మెడకెక్కింది.

యోహాన్ దిగాడు. తాటిచెట్టంత మనిషి. భుజాన సంచి. కనబడ్డవాళ్ళందరికీ నడుం వంచి నమస్కారం పెట్టాడు. షెడ్డు కావలి కాసే మైసయ్యకైతే రెండుసార్లు పెట్టాడు. తన దేశం నుంచి తెచ్చిన ఉన్ని మఫ్లర్లు అందరి మెడలకూ స్వయంగా చుట్టాడు. ఎండ మాడుస్తున్నా ఒక్కరూ విప్పలేదు. చెమటలు కక్కుతూ ఇకిలించారు.

"ఎంత పెడతడో అడగనా?" అంది, ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన అఖిల, గుసగుసగా.

"ఛీ, ఇంకా అన్నం తినలే. ఇల్లు చూడనొచ్చినోన్ని గడపలనే లగ్గమెప్పుడని అడుగుతరా?"

యోహాన్‌దీ అదే మర్యాద కాబోలు, అసలు సంగతి ఎత్తలేదు. మిగతావన్నీ అడిగాడు. బర్రెలు మీవేనా? మావే. కారు? అదీ మాదే. కంపెనీలో ఖర్చు విషయం ఎవరు తేలుస్తారు?

"నా మాటే ఫైనల్ అని చెప్పు," అన్నాడు ధర్మయ్య మీసం దువ్వుతూ. అఖిల చెప్పింది. యోహాన్ ముఖం వెలిగిపోయింది. ధర్మయ్య చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

వంటింట్లో లక్ష్మీనర్సమ్మ మాత్రం గొణుగుతూనే ఉంది. "గంత ఉన్నోడు మైసయ్యకు రెండుసార్లు దండం పెట్టుడేంది?"

"పండ్లున్న చెట్టే వంగుతది. నీకు తెల్వదు తియ్యి."

సర్వపిండి, తలకాయకూర, కల్లు. కారానికి యోహాన్ కళ్ళూ ముక్కూ ఏకధారగా కారాయి. అయినా విస్తట్లో మెతుకు మిగల్చలేదు. అంత కష్టపడి తిన్న చుట్టాన్ని చూసి ధర్మయ్యకు నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

చెయ్యి కడుక్కుని యోహాన్ లేచి నిలబడ్డాడు. సంచి తెరిచాడు. పెద్ద ఫ్యాక్టరీ ఫోటో ఒకటి తీసి, రెండు చేతులతో ధర్మయ్యకు అందించాడు. వాకిలంతా ఊపిరి బిగబట్టింది. బర్రెలు కూడా నెమరు ఆపాయి.

"చూసినవా? మనకు గిసుంటి షెడ్డే కట్టిస్తడు. చెంపలు తయారు పెట్టుకో," అన్నాడు ధర్మయ్య భార్యతో.

యోహాన్ మాట్లాడసాగాడు. చివర్లో ధర్మయ్య ముందు చేతులు జోడించాడు. అఖిల మఫ్లర్ కొంగుతో నుదురు తుడుచుకుంది.

"ఏమంటాండు బిడ్డా? జల్ది చెప్పు!"

"ఇది వీళ్ళూరి ఉన్ని మిల్లంట బాపూ, మూతబడేటట్టున్నదని బయటి దేశపోళ్ళకు నూటికి నూరు వాటా ఇస్తమని రూలు మార్చుకున్నరంట, గిన్ని బర్రెలున్న మీరు ఎంత పెడతరని అడుగుతాండు."