కిటికీ బయటి మేడమ్

లావుపాటి కుర్రాడు సాదిక్ సంచిని లాక్కుని నేల మీద బోర్లించాడు. పుస్తకాలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"మీ నాయన షెడ్డులో గ్రీజు పూసుకోక నీకు చదువెందుకురా?"

ఎనిమిదో తరగతి గదిలో కొందరు కిసుక్కున నవ్వారు. కొందరు తలలు దించుకున్నారు.

కిటికీ బయట నిలబడ్డ సింధూజకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తోటివాణ్ణి ఏడిపిస్తుంటే పిల్లల్లో ఎవరు అడ్డుపడతారు, ఎవరు చూస్తూ ఊరుకుంటారు, అది కొలవడమే ఆమె పరిశోధన. నోటితో అడిగితే అందరూ శూరులే. అందుకే ఈ నాటకం. ఇదే ఆఖరి స్కూలు. ఇది చెడిందంటే ఏడాది కష్టం ఏట్లో పోసినట్టే.

క్లాసు టీచరు గోపీనాథ్ ఇందాక కిటికీలోంచే సాదిక్‌ను చూపించాడు. "ఇంటర్వెల్లో ఒకడు ఏడిపిస్తాడు, వీడు ఏడుస్తాడు. ఇద్దరికీ చెప్పి పెట్టా."

"బాగా చేస్తాడా సార్?"

"ఏడవడం వాడికి ఒకరు నేర్పాలా మేడమ్? మీరు మాత్రం మధ్యలో పోబాకండి, అంతా చెడిపోద్ది." మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించాలంటూ ఆయన వంటషెడ్డు వైపు పరిగెత్తాడు.

లోపల సాదిక్ పుస్తకాలు ఏరుకోబోయాడు. లావుపాటివాడు వాటి మీద కాలు పెట్టాడు.

"కాళ్ళు పట్టుకొని అడుగు, ఇస్తా."

సాదిక్ కళ్ళు ధారలు కట్టాయి. ఆహా, ఏం చేస్తున్నాడు పిల్లాడు అనుకుంది సింధూజ. అంతలో వాడు తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆమె చిన్నగా నవ్వి, కానివ్వమన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించింది. వాడు మళ్ళీ తల దించుకున్నాడు.

ముందు బెంచీలోంచి ఫరా అనే పిల్ల లేచింది. "ఎందుకురా వాడి జోలికి పోతావు? కాలు తియ్యి."

లావుపాటివాడు ఒక్క తోపు తోశాడు. ఫరా పడబోయి నిలదొక్కుకుని, నేరుగా వరండాలోకి వచ్చింది.

"మేడమ్, మీరన్నా చెప్పండి. వాణ్ణి చానా ఏడిపిస్తన్నాడు."

ఇలాంటి పిల్ల ఒక్కతయినా దొరికినందుకు సింధూజకు కడుపు నిండిపోయింది. ఫోన్లో గబగబా నొక్కుకుంది: అడ్డుపడింది, పెద్దవాళ్ళకు చెప్పింది.

"ఏం కాదులేమ్మా, లోపలికెళ్ళు."

"చూస్తానే ఉన్నారు గదా. ఏం కాదంటారేంది?"

సింధూజ పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఫరా ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి పోయి సాదిక్ పక్కన కూర్చుని పుస్తకాలు ఏరసాగింది. లావుపాటివాడు సాదిక్ నెత్తి మీద ఒకటి మొట్టి కుళాయి దగ్గరికి నడిచాడు.

గంట కొట్టారు. సింధూజ సాదిక్‌ను వరండాలోకి పిలిచి భుజం తట్టింది. "శభాష్. అచ్చం నిజం ఏడుపే."

వాడు చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడే గేటు వైపు నుంచి సన్నటి కుర్రాడొకడు రొప్పుతూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"మేడమ్, నా పేరు ఫణి. రొంపిచెర్ల బస్సు ఇప్పుడే దిగా. సాదిక్‌ను ఏడిపించమని గోపీనాథ్ సార్ చెప్పింది నాకే, మొదలుపెట్టమంటారా?"