కమిటీ చాయ్

పార్లమెంటు పర్యావరణ, ప్రజారోగ్య కమిటీ వస్తోందంటే ఫ్యాక్టరీల పక్కనున్న మా గల్లీకి పండగ. సభ్యులు ఏ ఇంట్లో చాయ్ తాగుతారో ఆ ఇంటికి పొద్దున్నే మంచిగాలి గొట్టం బిగిస్తారు. చాయ్ తాగాలంటే దొరలు ముఖానికున్న మాస్కు తియ్యాలి కదా. వాళ్లు వెళ్లగానే ఆ గొట్టం ఊడబీక్కుపోతారు.

ఈసారి ఆ అదృష్టం మా ఇంటికి పట్టింది. గొట్టం బిగించగానే మా అత్త కొమురవ్వ గల్లీలోని పసిపిల్లలనూ, బాలింతలనూ, ఆయాసంతో ఉన్న ముసలివాళ్లనూ పిలుచుకొచ్చింది. అందరూ మాస్కులు తీసి ఒళ్లో పెట్టుకుని, గోడవారన కూర్చుని, గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నారు.

కమిటీ అధ్యక్షులవారు చాయ్ తాగుతూ గదంతా చూశారు.

"ఒక్క గదిలో ఇంతమందా? రోగాలు రాక ఏమొస్తాయి?" అన్నారు.

మిగతా సభ్యులు తలలూపారు. మూసిన కిటికీ అద్దంలోంచి పసుప్పచ్చ పొగ కనిపిస్తూనే ఉంది. అటు తిరిగితే మెడ పట్టేస్తుందేమో, ఒక్కరూ చూడలేదు.

వాళ్లు లేవబోయినప్పుడల్లా మా అత్త గ్లాసులు నింపింది. "ఇంకో చాయ్ తాగుండ్రి సారూ," అంటూ ఆపింది. ఆమె భుజం మీద నా బిడ్డ దగ్గు లేకుండా నిద్రపోతోంది.

"పేదవాళ్ల మర్యాద చూశారా," అని అధ్యక్షులవారు మురిసిపోయారు.

నెల తర్వాత కమిటీ నివేదిక టీవీలో చదివారు. మా జబ్బులకు కారణం ఇరుకు కాపురాలట. కమిటీ వచ్చే ఇంట్లో ఇకమీదట ఇంటివాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదట.

మా అత్త పిల్లకు మాస్కు బిగిస్తూ అంతా విన్నది.

"మల్ల ఎప్పుడొస్తరట?" అని అడిగింది.