ఓబుళప్ప ఫ్యాను

"ఆ ఫ్యాను ఆపప్పా," అంది నల్లమ్మ, గుడి గడప దగ్గర చతికిలబడి.

ఫ్యాను ఇచ్చిన దాత ఓబుళప్ప ఉలిక్కిపడ్డాడు. కొత్త సిమెంటు గుడికి కరెంటొచ్చిన నాడే గుంతకల్లు నుంచి తెచ్చి ఆంజనేయస్వామి ముందు వేలాడదీయించాడు. "ఏందవ్వా, స్వామి చల్లగా ఉండొద్దా?"

"చల్లగా ఉండబట్టే వాన మాట మర్చిపోయినాడు. పాత రాతిగుడికి కిటికీ గూడా లేకపాయె. మాతో పాటు ఆయప్పా ఉడికిపోతాండె. తట్టుకోలేక ఆయప్పే మబ్బును పిలుస్తాండె."

"దేవునికి చెమట పట్టిస్తావా? పాపం తగుల్తాది. ఆపేదే లే."

నల్లమ్మ లేచి స్విచ్చు తనే నొక్కేసింది. ఓబుళప్ప కోపంగా పైకి చూశాడు. రెక్కలు మెల్లగా నిలిచాయి. ఒక రెక్క మీద తన పేరు, ఒకదాని మీద నాయన పేరు, ఇంకోదాని మీద ఊరి పేరు, ఎర్రరంగుతో. పెట్టిన్నాటి నుంచీ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు.

భజనకొచ్చిన జనం తలలెత్తి, కూడబలుక్కుంటూ చదవసాగారు.

ఓబుళప్ప గొంతు సవరించుకున్నాడు. "వాన పడేదాకా ఎవురూ ఆ స్విచ్చు ముట్టగూడదు."

"పడినాంక ఏస్తావా?" అంది నల్లమ్మ.

"పడినాంక ఎందుకవ్వా? అప్పుడు స్వామికి చలి గదా."